మహాయుద్ధమునందు ఇంగ్లండు కర్మశాలలు – పనివారి ఒడంబడిక



ఇట్టి సంచికలయందు మన వృత్తులను గూర్చి వ్రాయబడు వ్యాసములు తరచుగా ప్రాచీనవైభవమును కీర్తించుటతో మొదలై దానితోనే ముగియుచుండును. నిజామాబాదు మండలమునందలి కోనసముద్రపు ఉక్కు పారశీకదేశమునకు బోయి కత్తులుగా మారెననియు, హైదరాబాదున ఫ్రెంచి సేనాని రేమండు 1795 ప్రాంతమున నెలకొల్పిన ఫిరంగుల పోతశాల పేర ఒక పేట గన్‌ఫౌండ్రీయని నేటికిని పిలువబడుచున్నదనియు మనమందరము విన్న సంగతులే. ఇవి సత్యములు, గర్వింపదగినవి. అయినను ఈసారి పరదేశపు కథ యొకటి చెప్పదలచితిని. నాగటికర్రు సాగగొట్టిన సమ్మెటయే కత్తిని సాగగొట్టుననుట తెలిసినదే గదా. యుద్ధము వచ్చినప్పుడు కొలిమికి పని పెరుగును. కాని ఆ పని చేతనైనవాని మాటకు విలువ పెరుగునా తరుగునా యను ప్రశ్నకు 1915 మొదలు 1922 వరకు ఇంగ్లండు, స్కాట్లండులలో జరిగిన చరిత్రయందు దొరకినంత స్పష్టమైన సమాధానము మరియొకచోట దొరకుట అరుదు.

1914 ఆగస్టు 4వ తేదీన బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించెను. అప్పటికి ఆ దేశపు ప్రభుత్వ ఆయుధశాలలలో ముఖ్యమైనవి మూడు: ఊలిచ్, ఎన్‌ఫీల్డు, వాల్తం ఆబీ. వీనికి తోడు వికర్సు, ఆర్మ్‌స్ట్రాంగు, బియర్డ్‌మోరు మున్నగు పెద్ద కంపెనీలు కొన్ని యుండెను. యుద్ధశాఖవారు తమకు అలవాటైన ఈ కొద్దిమందికే ఆర్డర్లు ఇచ్చుచుండిరి. క్రిస్మసు పండుగనాటికి పోరు ముగియునని నమ్మినవారు చాలమంది. పోరు ముగియలేదు, ఉభయసైన్యములును కందకములు త్రవ్వుకొని భూమిలో దిగబడెను. ఆ సైన్యము చేతనున్న గుండ్లలో అధికభాగము లోపల సీసపు గోళీలు నింపినవి. అవి బయట నిలిచినవానిని కూల్చును గాని కందకమును కూల్చజాలవు. కందకమునకు పేలుడు మందు కూరిన గుండు కావలెను. అది లేదు. లేదనుట కంటె, కావలసినదానిలో లేశమాత్రమే యుండెననుట నిజము.

1915 మే 9వ తేదీన ఓబర్ రిడ్జి యొద్ద జరిగిన దాడిలో ఒక్కరోజున ఇంచుమించు 11,000 మంది బ్రిటిషు సైనికులు చనిపోయియో గాయపడియో నేలకొరగిరి. మే 14వ తేదీన టైమ్సు పత్రికయందు రెపింగ్టన్ అను విలేఖరి, గుండ్ల కొరతయే యీ అపజయమునకు కారణమని ప్రకటించెను. దానితో దేశము అట్టుడికినట్లు ఉడికెను. ఆస్క్విత్ ప్రభువర్గము మారి సంకీర్ణ మంత్రివర్గ మేర్పడెను. జూన్ నెలలో యుద్ధసామగ్రి మంత్రిత్వశాఖయని క్రొత్తశాఖ పుట్టెను. లాయిడ్ జార్జి దానికి మంత్రియయ్యెను.

ఆయన చేసిన పనిలో మనకు ముఖ్యమైనది స్థానిక కర్మశాలల సమీకరణము. పెద్ద కంపెనీలను మాత్రమే నమ్ముకొనక, ప్రతి పట్టణమునందలి యంత్రశాలల యజమానులను ఒకచోట చేర్చి సంఘములుగా నేర్పరచి, మీ మీ ఊళ్లలో ఎన్ని తరిమెనలు కలవు, ఎన్ని బరమాలు కలవు, వానితో ఎన్ని గుండ్లు చేయగలరని యడిగిరి. లీడ్సు పట్టణమువారు ఈ పద్ధతికి దారిచూపిరి. నేతయంత్రములు చేయువారు, ట్రాముబండ్లు చేయువారు, కుట్టుయంత్రములు చేయువారు, వ్యవసాయపు పనిముట్లు చేయువారు తమ తమ సరకును మూలబెట్టి గుండ్ల తొడుగులకు పూనుకొనిరి. ప్రెస్టను పట్టణమున ట్రాములును రైలుబండ్ల పరికరములును చేయుచుండిన డిక్ కెర్ కంపెనీ ఇట్లే మారినది. ఆ కార్ఖానాలో పనిచేసిన స్త్రీలు 1917 క్రిస్మసునాడు కాలిబంతి పందెమాడగా పదివేలమంది చూడవచ్చిరి. వచ్చిన సొమ్ము గాయపడిన సైనికుల ఆసుపత్రికి పోయెను. ఇది ప్రసంగవశమున చెప్పినమాట. యుద్ధము ముగియునప్పటికి ప్రభుత్వము తానే నెలకొల్పిన, లేక తన వశము చేసికొనిన కర్మాగారములు రెండువందలకు మించెను. 1914లో ఆ దేశమున తయారైన గుండ్లు సుమారు 5 లక్షలు. 1917లో తయారైనవి 7 కోట్ల 60 లక్షలు.

ఈ అంకెలు చదువుట సులభము. ఒక గుండు ఎట్లు పుట్టునో తెలిసినవారికి మాత్రమే వానిలోని శ్రమ గోచరించును. ఉక్కుదిమ్మెను ఎఱ్ఱగా కాల్చి, ఒత్తుడుయంత్రము క్రింద నుంచి నడుమ తొలువవలెను. చల్లారిన పిదప తరిమెనపై నెక్కించి వెలుపలి గాత్రమును చెక్కవలెను; లోపలి గాత్రమును నునుపు చేయవలెను; మూతికి మరలు కోయవలెను; అడుగున పలక బిగింపవలెను; నడుమున గాడి తీసి అందు రాగిపట్టీని నొక్కి కూర్పవలెను. ఫిరంగిగొట్టములోని మెలికగాడులను పట్టుకొని గుండును గిరగిర త్రిప్పునది ఈ రాగిపట్టీయే. ప్రతి మెట్టునందును గేజితో కొలిచి చూడవలెను. ఒక వెంట్రుకవాసి లావైన యెడల గుండు గొట్టములో ఇరుకుకొని ఫిరంగితో కూడ పేలి తనవారినే చంపును. వెంట్రుకవాసి సన్ననైన యెడల గురి తప్పును. ఆ గేజీలు సరియైనవో కావో తేల్చుటకు టెడ్డింగ్టనులోని జాతీయ భౌతికశాస్త్ర ప్రయోగశాలవారు వానిని పరీక్షింపవలసివచ్చెను. ఇంతయు ముగిసిన తరువాత మందు కూరుట, మీటవంటి పేలుడుమూతిని బిగించుట వేరు కర్మాగారముల పని. ఆ మూతిలోనే చిన్నచిన్న ఇత్తడిభాగములు అనేకములుండును. వానిలో నొక్కటి చెడినను గుండు రాయితో సమానము.

ఇట్టి పని చేయుటకు ఇంగ్లండు యంత్రశాలలయందు చేయి తిరిగిన పనివారుండిరి. ఐదేండ్లో ఏడేండ్లో శిష్యరికము చేసి పని నేర్చినవారు. వారికి ఇంజనీర్ల సమైక్య సంఘమను బలమైన సంఘమొకటి కలదు. ఏ యంత్రముపై ఎవరు నిలువవలెను, పని నేరనివాడు ఏ పనికి పోరాదు, ఒక్కొక్క మేస్త్రి యొద్ద ఎందరు శిష్యులుండవచ్చును అను నియమములు వ్రాతలోనో అలవాటులోనో స్థిరపడియుండెను. మన ఊళ్లలో కొలిమిలో పుట్టినవాడు కొలిమిపని నేర్చినట్లు అక్కడ కులము లేదు. కాని కట్టుబాటు మాత్రము మన కట్టుబాటునకు తీసిపోయినది కాదు. తండ్రి యొద్ద కొడుకు నేర్చుటయు సంఘము యొద్ద శిష్యుడు నేర్చుటయు, విద్యను కాపాడుకొను రెండు మార్గములని నా అభిప్రాయము.

యుద్ధము ఈ కట్టుబాటును రెండువైపుల నుండి పట్టుకొనెను. పనివారిలో సుమారు ఐదింట నొకవంతు మొదటి సంవత్సరముననే సైన్యమున చేరిపోయిరి. మిగిలినవారితో కోట్లకొలది గుండ్లు చేయింపజాలరు. కనుక పనిని ముక్కలు చేయవలెనని నిశ్చయించిరి. పూర్వము ఒక నేర్పరి మొదటినుండి చివరివరకు చేయు పనిని పది ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క యంత్రమును బిగించి, అది తప్ప మరియొకటి యెరుగని వారిని, అందును ముఖ్యముగా స్త్రీలను, కొద్దివారములలో తరిఫీదు చేసి అందు నిలుపుట. దీనికి వారు పెట్టిన పేరు డైల్యూషన్. అనగా పలుచన చేయుట, పాలలో నీళ్లు కలుపుట వంటిది. పేరు పెట్టినవారు దాచక చెప్పినందుకు మెచ్చుకొనవలెను.

1915 మార్చి నెలలో ప్రభుత్వపు ఖజానాశాఖ కార్యాలయమున లాయిడ్ జార్జి కార్మికసంఘముల నాయకులను సమావేశపరచెను. అక్కడ జరిగిన ఒడంబడిక సారాంశమిది: యుద్ధసామగ్రి విషయమున సమ్మెలు చేయరాదు, తగవులు మధ్యవర్తులు తీర్పవలెను, పని నేరనివారిని, స్త్రీలను నేర్పరుల పనులలో ప్రవేశపెట్టుటకు సంఘములు ఒప్పుకొనవలెను, అయితే ఈ మార్పులన్నియు యుద్ధకాలమునకు మాత్రమే చెల్లును, యుద్ధము ముగిసినవెంటనే పూర్వపు కట్టుబాట్లన్నియు యథాప్రకారము నిలుపబడవలెను. ఇంజనీర్ల సంఘము వెంటనే ఒప్పుకొనలేదు. మేము మా హక్కులు విడిచినచో ఆ లాభము యజమాని సంచిలోనికి పోవునా యని వారు ప్రశ్నించిరి. ఆ లాభములకు కూడ హద్దు పెట్టుదుమని మాట పుచ్చుకొనిన పిమ్మటనే వారు చేవ్రాలు చేసిరి. ఈ ప్రశ్న అడుగుటయందే వారి తెలివి కనబడుచున్నది.

జూలైలో చట్టము వచ్చెను. ప్రభుత్వ నియంత్రణలోని కర్మశాలల లాభము, యుద్ధమునకు పూర్వపు లాభముపై ఐదింట నొకవంతుకు మించరాదని అందున్నది. కాని పనివానికి పెట్టిన సంకెల అంతకంటె బిగువైనది. యజమాని యిచ్చు విడుదలపత్రము లేనిదే పనివాడు ఒకచోట మాని మరియొకచోట చేరరాదు. చేరదలచినచో ఆరువారములు ఖాళీగా కూర్చుండవలెను. అనగా నైపుణ్యము గల చేతికి గిరాకి పెరిగిన కాలముననే ఆ చేతిని కట్టివేసిరి. గ్లాస్గో సమీపమున గోవన్ ఓడల కర్మశాలలో ఇద్దరి విడుదలపత్రములపై, పనియందు శ్రద్ధ లేనివారని వ్రాసి యిచ్చిరి. దానికి కోపించి సమ్మె చేసిన ఓడవడ్రంగులలో 17 మందికి తలకు 10 పౌనుల చొప్పున జరిమానా వేసిరి. ముగ్గురు చెల్లింపక చెరసాలకు పోయిరి. ఈ పత్రముల పద్ధతి 1917 అక్టోబరులో గాని తొలగలేదు.

క్లైడు నదీతీరపు పనివారి కథ వేరుగా చెప్పదగినది. అక్కడి పార్కుహెడ్ ఉక్కుకర్మశాలలో డేవిడ్ కిర్క్‌వుడ్ అను పనివాడు తోటివారికి నాయకుడు. మంత్రి తన కర్మశాలకు వచ్చినప్పుడు, మీ చట్టమునందు దాస్యపు వాసన కొట్టుచున్నదని ఆతడు ముఖముననే చెప్పెను. 1915 క్రిస్మసునాడు గ్లాస్గోలోని సెంట్ ఆండ్రూసు హాలులో మంత్రి ఉపన్యసింపబోగా సభ కేకలతో నిండిపోయెను. ఆ సభ జరిగిన తీరును ఉన్నదున్నట్లు ప్రకటించినందుకు ఫార్వర్డు అను పత్రికను కొన్నివారములు నిలిపివేసిరి. 1916 మార్చిలో కిర్క్‌వుడ్‌ను, మరికొందరు నాయకులను గ్లాస్గో నుండి బహిష్కరించిరి. ఇచ్చట నొక వింత కలదు. కిర్క్‌వుడ్ స్త్రీలు పనిలో చేరుటకు అడ్డుపడినవాడు కాడు. వారు చేరినప్పుడు వారి కూలియు, తమ కూలియు ఎట్లుండవలెనో నిర్ణయించుటలో పనివారికి పాలుండవలెనని కోరినవాడు. తిరిగివచ్చిన తరువాత బియర్డ్‌మోరువారు ఆతనినే తమ గుండ్ల కర్మశాలయొకదానిలో మేస్త్రిగా నియమింపగా, అక్కడి ఉత్పత్తి మిక్కిలి పెరిగెను. నేర్పరిని ఊరినుండి వెళ్లగొట్టినవారికి అట్టి బుద్ధి ముందే ఏల పుట్టలేదో!

నేర్పరులకు కలిగిన మరియొక కష్టము కూలి లెక్కలలోనిది. పనిముట్లు సిద్ధముచేయువాడు, యంత్రములు బిగించువాడు, క్రొత్తవారికి పని నేర్పువాడు గంటల లెక్కను కూలి పుచ్చుకొనుచుండెను. ఆతని యొద్ద నెలదినములు నేర్చినవాడు వస్తువుల లెక్కను కూలి పుచ్చుకొనుచు, గురువు కంటె నెక్కువ ఇంటికి తీసికొనిపోవుచుండెను. ఈ విపరీతమును సరిచేయుటకు 1917 అక్టోబరులో నూటికి పన్నెండున్నర వంతున నేర్పరులకు బహుమానపు కూలి ప్రకటింపవలసివచ్చెను. అంతకు ముందే ఆ సంవత్సరము మే నెలలో పెద్దసమ్మె యొకటి జరిగినది. రాచ్‌డేలు పట్టణమున నొక నేతయంత్రముల కర్మశాలలో, యుద్ధమునకు సంబంధింపని మామూలు వర్తకపు పనిలో కూడ పని నేరనివారిని నిలుపబూనిరి. ఒడంబడికలో లేని మాట యిది. పనివారు పని మానిరి. ఆ నిప్పు అనేక పట్టణములకు వ్యాపించి ఇంచుమించు రెండులక్షలమంది సమ్మెలో చేరిరి. ప్రభుత్వము ఆ ప్రయత్నమును తుదకు విడిచిపెట్టెను.

స్త్రీల మాట చెప్పక పోరాదు. 1914లో లోహపుపనులు, ఆయుధపుపనులు కలిపి స్త్రీలు రెండులక్షల చిల్లర. 1918 నాటికి దాదాపు తొమ్మిదిలక్షలు. తరిమెనల యొద్ద నిలిచినవారికంటె మందు కూరు కర్మాగారములలో పనిచేసినవారి స్థితి దారుణము. లోపలికి పోవునప్పుడు తలపిన్నులు, ఉంగరములు, అగ్గిపుల్లలు ఏమియు నుండరాదని వెదకి చూచెడివారు. బట్టలు, చెప్పులు మార్పించెడివారు. టీ.ఎన్.టీ. యను పేలుడుపొడి వారి చర్మమును, జుట్టును పసుపుపచ్చ చేసెడిది. జనులు వారిని పచ్చపిట్టలని పిలిచి నవ్వుకొనిరి. ఆ పసుపు చర్మముతో ఆగక కాలేయమునకు దిగినప్పుడు కామెర్లై ప్రాణము తీసెడిది. అట్లు చనిపోయినవారు ఇంచుమించు నూరుమంది. 1916 డిసెంబరు 5వ తేదీన లీడ్సు చెంత బార్న్‌బోలో గుండు పేలి 35 మంది స్త్రీలు చనిపోయిరి. దేహములను తీసివేసిన కొన్ని గంటలకే ఆ గదిలో పని మరల సాగినది.

మార్చబడిన కర్మశాలల అపాయమునకు లండను తూర్పుభాగమునందలి సిల్వర్‌టౌన్ కథకు మించిన సాక్ష్యము లేదు. బ్రన్నర్ మాండు కంపెనీవారు అక్కడ సోడాలు తయారుచేయుటకు 1893లో కట్టిన కార్ఖానా యది. 1912 తరువాత అందు నొకభాగము ఖాళీపడియుండెను. ఖాళీ కనబడినదే తడవుగా టీ.ఎన్.టీ. శుద్ధిచేయు పనిని 1915లో అందు పెట్టిరి. చుట్టును పనివారి ఇండ్లు కిక్కిరిసియున్నవి, ఇది తగిన స్థలము కాదని కంపెనీవారే చెప్పిరి, వినలేదు. 1917 జనవరి 19వ తేదీ సాయంకాలము అగ్నిప్రమాదము కలిగి సుమారు 50 టన్నుల మందు ఒక్కపెట్టున పేలెను. 73 మంది చనిపోయిరి. నాలుగువందల మందికి పైగా గాయపడిరి. వేలకొలది ఇండ్లు దెబ్బతినెను. ప్రధాన రసాయనికుడు ఆండ్రియా ఏంజెల్, పారిపోవుటకు వీలుండియు మంట లార్పబోయి మరణించెను. సోడాచేయు గోడలు సోడాకే తగినవి. గోడను మార్చకయే సరకును మార్చుట ఎంత ప్రమాదమో చెప్పుటకు మరియొక ఉదాహరణ మేల? మరుసటియేడు జూలై 1వ తేదీన చిల్వెల్ కర్మాగారమున 134 మంది మరణింపగా, వారిలో గుర్తుపట్టదగిన దేహములు 32 మాత్రమే.

తొందరపాటు గుండ్లలో కూడ కనబడెను. 1916 జూలై 1వ తేదీకి ముందు సొమ్ము నదీప్రాంతమున వారముదినములలో పదిహేనులక్షలకు పైగా గుండ్లు కురిపించిరి. వానిలో పేలనివి విస్తారము. కందకముల ముందటి ముండ్లతీగలు అనేకచోట్ల తెగలేదు. ఆ యొక్కనాడే 57,000 మందికి పైగా బ్రిటిషు సైనికులు నష్టపడగా, వారిలో చనిపోయినవారు 19,000 మందికి పైగా నుండిరి. దీనికి కారణములు పెక్కు. గుండ్లలోని లోపములు వానిలో నొకటి. ఆ పొలములు దున్ను ఫ్రెంచి రైతుల నాగళ్లకు నాటి పేలని గుండ్లు నేటికిని తగులుచునే యున్నవి.

మనదేశమున అదేకాలమున ఏమి జరిగినది? ఇక్కడి రైల్వే కర్మశాలలయందును గుండ్ల తొడుగులు తరిమెన పట్టిరి. 1917లో సర్ థామస్ హాలండు అధ్యక్షతన భారత యుద్ధసామగ్రి బోర్డు ఏర్పడెను. సాక్చీలోని టాటావారి ఉక్కు మెసొపొటేమియా రైలుదారులకు పోయెను. ఆ ఊరికి 1919లో చెమ్స్‌ఫర్డు జంషెడ్‌పూరని పేరు పెట్టెను. కాని ఒడంబడిక మాత్రము ఇక్కడ లేదు. మాట పుచ్చుకొనుటకు తగిన సంఘమే లేనప్పుడు మాట యిచ్చువారెవరు? తమిళులతో పాటు తెలుగువారును పనిచేసిన చెన్నపురి మిల్లుల కార్మికులకు మద్రాసు కార్మికసంఘము 1918 ఏప్రిలులో గాని పుట్టలేదు. రెండవ మహాయుద్ధమున 1941 నుండి భారతీయ పనివారిని కొందరిని బెవిన్ పథకము క్రింద ఇంగ్లండునకు పంపి యంత్రవిద్య నేర్పించిరి. సికింద్రాబాదున 1943లో ప్రాగా టూల్సు కార్ఖానా వెలసెను. కొలిమి విడిచి యంత్రశాలకు పోయిన మన పిల్లలకు మొదటి పాఠశాలలు ఇట్టివే. అవి యుద్ధమిచ్చిన పాఠశాలలని మరువరాదు.

ఇక ఆ ఒడంబడిక గతి. ప్రభుత్వము మాట తప్పలేదు. 1919 ఆగస్టులో, యుద్ధమునకు పూర్వపు కట్టుబాట్లను మరల నిలుపవలెనని చట్టము చేసెను. యజమానులు చాలవరకు దానిని పాటించిరి. ఈ నిలుపుట యెవరి మెడకు చుట్టుకొనెనో చెప్పవలెను. గుండ్లకు గిరాకి తీరినది; మందు కూరి పచ్చబడిన స్త్రీలను లక్షలకొలది ఇండ్లకు పంపివేసిరి. వారితో ఎవరును ఏ ఒడంబడికయు చేసికొనలేదు. నేర్పరులు తమ స్థానములకు వచ్చిరి గాని, అక్కడ నిలిచియున్నవి పూర్వపు యంత్రములు కావు. పనిని ముక్కలుచేయుట నేర్చిన యజమాని ఆ విద్యను మరచునా?

1920లో ఇంజనీర్ల సంఘము మరి తొమ్మిది సంఘములతో కలిసి పెద్దదయ్యెను. ఆ యేటి చివర వర్తకము పడిపోయి లక్షలమందికి పనులు పోయెను. 1922 మార్చిలో యజమానులు, అదనపుపని యెప్పుడు చేయింపవలెనో, కర్మశాలను ఎట్లు నడపవలెనో నిర్ణయించు హక్కు తమదే యని ప్రకటించి, ఒప్పుకొననివారికి తలుపులు మూసిరి. సుమారు 13 వారములు తలుపులు మూసియే యుండెను. సంఘపు నిధి ఖాళీయయ్యెను. ఏడేండ్లకు పూర్వము మంత్రి యెదుట కూర్చుండి నియమములు చెప్పిన సంఘము, ఆ జూన్ నెలలో యజమానులు వ్రాసి తెచ్చిన కాగితముపై చేవ్రాలు చేసెను.